కేవలాదేవుని నీళ్లపై పక్షిదర్శనము

రాజస్థానపు తూర్పు సరిహద్దున, మథురానగరమునకు నైరుతి దిక్కున, భరత్‌పూర్ పట్టణము నానుకొని విస్తరించిన చిత్తడినేలల నడుమ, కేవలాదేవుడను పేర శివుడు వెలసిన చిన్న ఆలయ మొకటి కలదు. ఆ దేవుని పేరే ఆ పక్షివనమున కంతటికిని పేరైనది. ఆలయసమీపమున కొన్ని రాతిపలకలు నిలిపియున్నవి. దేవుని సన్నిధిని శిలాలేఖ కనబడినంతనే అది ఏ దానశాసనమో, ఏ భక్తుడు వెలిగించిన అఖండదీపపు ప్రస్తావనమో అయియుండునని మనము తలంతుము. కాని యీ పలకలమీద చెక్కబడినది వేఱు. ఏ తేదీన, ఏ రాజప్రతినిధి గౌరవార్థము, ఎన్ని తుపాకులతో వేట సాగినదో, ఆనాటి కెన్ని పక్షులు నేలగూలినవో ఆ లెక్కలే అచ్చట వరుసగా లిఖింపబడినవి. 1938 నవంబరు 12వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు విచ్చేసిన వేటలో ఒక్కదినమున గూలిన పక్షుల సంఖ్య 4,273.

ఆ పలకలయెదుట నేడు నిలుచు యాత్రికుల భుజములమీద తుపాకులు లేవు; వానికి బదులుగా బరువైన కెమేరాలును, మూరెడు పొడవుగల లెన్సులును ఉన్నవి. వారా సంఖ్యను చదివి నిట్టూర్చి, ఆ కాలము గతించినదికదా యని ఊరట చెంది ముందునకు సాగుదురు. ఆ ఊరట న్యాయమైనదే. అయినను, చంపుట మానినంతమాత్రమున వేట మానినట్లగునా, చూచుట యనునది సర్వథా నిర్దోషమైన క్రియయేనా, అహింసావ్రతము చేతికి మాత్రమే చెందినదా లేక కంటికిని చెందునా యను ప్రశ్న ఆ పలకలకును ఆ గుడికిని నడుమ నిలిచినవానికి కలుగక మానదు. పక్షులను చూచుటకు, వాని చిత్రములు తీయుటకు వేకువనే లేచి నీటియొడ్డులకు పోవు అలవాటు మన దేశమున నానాటికి పెరుగుచున్న యీ దినములలో ఈ ప్రశ్నను తీరికగా విచారించుట అవసరమని నా తలంపు.

ముందుగా ఆ స్థలమును గూర్చి కొంత చెప్పవలెను. కర్కాటకరేఖకు ఉత్తరమున నున్న ప్రదేశమగుటచే అచ్చటి ఋతువులు మన సముద్రతీరపు ఋతువులవలె మెత్తనివి కావు. జ్యేష్ఠమున నేల బీటలువాఱును. పుష్యమాసపు తెల్లవాఱుజామున మంచు దట్టముగా గ్రమ్మి ఎదుటి తుమ్మచెట్టు సైతము కనబడకుండును. పల్లపునేల ప్రకృతి యిచ్చినదే కాని అందు నీరు నిలుచుట మనుష్యుని పని. గంభీర్, బాణగంగ యను నదుల వఱద నాపుటకై పదునెనిమిదవ శతాబ్దమున భరత్‌పూర్ ప్రభువు సూరజ్‌మల్ అజాన్ బంధమను కట్టను వేయించెను. ఆ నీరు ఈ పల్లమును చేరెను. నీటివెంట గడ్డియు, గడ్డివెంట చేపయు, చేపవెంట కొంగయు వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దాంతమున రాజులు దానిని బాతులవేటకై ప్రత్యేకించి, కట్టలతోను తూములతోను మడుగులుగా విభజించిరి. చివరి పెద్దవేట 1964లో జరిగినది. వేటాడు హక్కు 1972 వఱకు రాజవంశమునకు నిలిచియుండెను. 1981లో చిత్తడినేలల రక్షణకైన రామ్‌సర్ ఒడంబడికక్రింద గణింపబడి, 1982లో జాతీయోద్యానమై, 1985లో ప్రపంచ వారసత్వస్థలమైన యీ వనము వైశాల్యము 29 చదరపు కిలోమీటర్లకు మించదు. చంపుటకై నిలిపిన నీరే కాచుటకు పనికివచ్చినదన్న సంగతి, ఒక కార్యముయొక్క మంచిచెడ్డలను దాని ఆరంభమునుబట్టి మాత్రమే నిర్ణయించు తార్కికులు ఒకింత నిలిచి ఆలోచింపదగినది.

శీతకాలమున సూర్యోదయమునకు ముందే ద్వారముకడ సైకిలు రిక్షాలు బారులుతీరును. వానిని నడుపువారిలో పెక్కురు పక్షులను గుర్తించుటలో శిక్షణ పొందినవారు; పుస్తకము తెఱవకుండనే రెక్కవిసురునుబట్టి, గొంతునుబట్టి పక్షిపేరు చెప్పగలవారు. మంచులోనుండి మొదట శబ్దము వచ్చును, పిమ్మట రూపము వచ్చును. తలపై రెండు నల్లచారలుగల హంసలు టిబెట్టు, మంగోలియా పీఠభూములనుండి హిమాలయములను దాటివచ్చి యిచ్చట గడ్డి మేయుచుండును. వానకాలమున తుమ్మచెట్లమీద ఎఱ్ఱకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, పాముమెడ పక్షులు ఒకే కొమ్మలపై అంతస్తులుగా గూళ్లు కట్టుకొని, చలికాలము వచ్చుసరికి పిల్లలను ఎగుర నేర్పుచుండును. సారసదంపతులు మనుష్యుని నిలువంత యెత్తున నీటిలో మెల్లగా అడుగులు వేయుచు, ఉన్నట్లుండి రెక్కలు విప్పి మెడలెత్తి ఒక గొంతుకు మఱియొక గొంతు అందించుచు కేకవేసినప్పుడు ఆ మడుగంతయు ప్రతిధ్వనించును. ఇవియన్నియు చూచినవానికి హృదయము నిండదనుట అసత్యము. నేను ఆ నిండుదనమును శంకించుటలేదు. దాని తరువాత జరుగుదానిని గూర్చియే నా విచారము.

తుపాకి నుండి కెమేరాకు వచ్చిన దారి చిన్నది కాదు, అవమానింపదగినదియు కాదు. మన దేశమున పక్షిశాస్త్రమునకు ఆచార్యస్థానమున నున్న సలీం అలీ బాల్యమున తాను గాలితుపాకితో కొట్టిన యొక పిచ్చుక గొంతుపై పసుపుమచ్చ కనబడుటచేతనే పక్షులను గూర్చి తెలిసికొనవలెనను కోరిక కలిగినదని స్వీయచరిత్రమున వ్రాసికొనెను. 1931లో నిజాము రాజ్యమునందలి పక్షులను పరిశీలించుటకై హైదరాబాదు సంస్థానమున తిరిగినప్పుడును ఆయన పద్ధతి ఆ కాలపు శాస్త్రజ్ఞుల పద్ధతియే. పక్షిని కొట్టి, చర్మము తీసి, కొలతలు వ్రాసికొనుటయే. ఆ మహానుభావుడే తరువాత భరత్‌పూర్ నీళ్లు కాపాడబడుటకు శ్రమించినవారిలో ముఖ్యుడు. ఆయన యాధ్వర్యమున అచ్చట పక్షులను వలలతో పట్టి కాళ్లకు కడియములు తొడిగి మరల విడిచిపెట్టు పని సంవత్సరములతరబడి సాగినది. చంపి తెలిసికొనుట నుండి పట్టి విడుచుటకును, పట్టి విడుచుట నుండి దూరమునుండి చూచుటకును మనుష్యజాతి వచ్చుట ధర్మమార్గమున ముందడుగే యని నిస్సంశయముగా అంగీకరింపవలెను.

అయినను దూరమునుండి చూచుటలోను హింస కలదు. పక్షి ఎగురుచున్నప్పటి చిత్రము కావలెనని మందను బెదరించి లేపుట, గూటికి అడ్డముగా నున్న కొమ్మను తప్పించుట, పక్షిని దగ్గఱకు రప్పించుటకై దాని జాతి కూతను ఫోనులో మ్రోగించుట నేడు నీటియొడ్డులలో అరుదు కావు. సారసము నీటినడుమ రెల్లును తుంగను ప్రోగుచేసి, సామాన్యముగా రెండే గ్రుడ్లు పెట్టి, ఆడుపక్షియు మగపక్షియు వంతులువేసికొని నెలదినములు పొదుగును. దంపతులలో పొదుగుచున్నది లేచి ప్రక్కకు నడచెనేని, మనుష్యుడు మఱి రెండడుగులు ముందునకు వేసెనన్నమాట. అది లేచినంతసేపును గ్రుడ్లపై ఎండ పడుచుండును, కాకి చూచుచుండును. ఒకప్పుడు నన్ను తీసికొనిపోవుచున్న రిక్షాయతడు దారిలో నొకచోట వేగము హెచ్చించి, ఎడమప్రక్కకు చూడవలదని చెప్పెను. ఎందుకని అడుగగా, కొంత దూరము పోయినపిమ్మట, అచ్చట గూడున్నదనియు, మన రిక్షా ఆగినచో వెనుక వచ్చు పది రిక్షాలును ఆగుననియు బదులిచ్చెను. గూటికడ తీసిన చిత్రములను పోటీలలో స్వీకరింపని సంస్థలు నేడు పెక్కు కలవు. నియమములు వలయును, అవి మంచివియే. కాని నియమము పాదము నాపగలదు. కంటిలోని ఆశను ఆపుట దానిచేత కాదు. జైనులు అహింసను చెప్పిన నోటనే అపరిగ్రహమును కూడ చెప్పుట యందులకే యని నేననుకొందును. ఎదుటిప్రాణిని గాయపఱుపకుండుట యొకటి, దానిని నాదిగా చేసికొనవలెనను తహతహను విడుచుట మఱియొకటి. మొదటిదానిని సాధించి రెండవదానిని మఱచినవాడు సగము దారిలో నిలిచియున్నాడు.

ఈ తహతహ స్వరూపమేమి? ఇచ్చట మనకు మహాభారతము ఆదిపర్వములోని ద్రోణాచార్యుని పరీక్ష జ్ఞప్తికి వచ్చును. శిల్పులచేత చేయించిన భాసమను కృత్రిమపక్షిని చెట్టుకొనకొమ్మను నిలిపి, ఆచార్యుడు శిష్యులను ఒక్కొక్కరినే పిలిచి ఏమి కనబడుచున్నదని యడిగెను. మొదట వచ్చిన ధర్మరాజు, చెట్టును చూచుచున్నాను, మిమ్మును చూచుచున్నాను, తమ్ములను చూచుచున్నాను, పక్షిని చూచుచున్నాను అనెను. ఆచార్యుడు విసుగుచెంది అతనిని తొలగిపొమ్మనెను. తుదకు వచ్చిన అర్జునునకు చెట్టు కనబడలేదు, గురువు కనబడలేదు, పక్షి దేహమైనను కనబడలేదు, శిరస్సొకటే కనబడెను. తరువాతివారి నోట ఆ శిరస్సు కాస్తా కన్నైనది. అతడు బాణము విడిచెను, శిరస్సు తెగిపడెను, గురువు కౌగిలించుకొనెను. మన పిల్లలకు ఏకాగ్రతను బోధింపవలసివచ్చినప్పుడెల్ల ఈ కథనే చెప్పుచున్నాము. చెప్పుట తప్పుకాదు, అది విలువిద్యాపరీక్ష, ధనుర్ధరునకు కావలసినది అదియే. కాని ఆ విద్యకు ఫలము శిరశ్ఛేదమన్న సంగతి మఱవరాదు. పక్షిచిత్రములు తీయువారి మొదటి సూత్రము కూడ పక్షి కన్ను స్పష్టముగా పడవలెననియే. నేటి కెమేరాలు ఎగురుచున్న పక్షి కంటిని తామే వెదకి పట్టుకొని, ఒక్క క్షణములో ఇరువది చిత్రములు తీయగలవు. చుట్టునున్న రెల్లును, నీటిని, ఇతరపక్షులను మబ్బుగా మార్చి వెనుకకు నెట్టుటయే మంచి లెన్సుకు గుణముగా చెప్పబడును. అర్జునుని చూపును యంత్రముగా పోతపోసి మనము మెడలో వేసికొని తిరుగుచున్నాము.

చిత్తడినేలలో సరియైన ఉత్తరము ధర్మరాజు చెప్పినదే యని నా నమ్మకము. ఇచ్చట పరీక్ష పెట్టినవాడు ద్రోణుడు కాడు, చెట్టుమీది పక్షి బొమ్మయు కాదు. ఆ పక్షి ఆ చెట్టులేక యుండదు, ఆ చెట్టు ఆ నీరులేక నిలువదు, ఆ నీటికి కట్టవేసినవాడు మనుష్యుడు, చూచుచున్న నేనును ఆ గట్టుమీదనే నిలిచియున్నాను. వీనిలో దేనిని తొలగించినను పక్షి అసత్యమగును. అయితే ఇక్కడ ఒక చిక్కున్నది, దానిని దాచుట నిజాయితీ కాదు. భారతములో ఆ ఉత్తరము ధర్మరాజొక్కడే చెప్పలేదు. దుర్యోధనాదులును, భీమాదులును, ఇతర శిష్యులును అటులే చెప్పిరి. అందఱకును అన్నియు కనబడినవి. కావున అన్నియు కనబడుట మాత్రమే గొప్పకాదు. చెదరిన చూపు వేఱు, విరిసిన చూపు వేఱు. దుర్యోధనుడు చెట్టును చూచెను, తమ్ములను చూచెను, కాని ఆ చూచినవారిలో నెవ్వరును అతనికి ఋణము కాలేదు. ధర్మరాజు చూచినవారిని విడువలేకపోయెను; మహాప్రస్థానమున స్వర్గద్వారముకడ ఇంద్రుడు రథమెక్కుమన్నప్పుడు వెంటవచ్చిన కుక్కను వదలి ఎక్కనని నిలిచినవాడు, ఆనాడు చెట్టుక్రింద గుఱితప్పినట్లు నిందింపబడిన యా కుమారుడే. చూచిన ప్రతిదానియెడల కొంత బాధ్యత పుట్టుటయే విరిసిన చూపునకు లక్షణము.

పక్షిచిత్రకారుడు ఒకే భంగిమకై మూడుగంటలు బురదలో కదలక పరుండుట తపస్సుకాదా యని యొకరు నన్నడిగిరి. శ్రద్ధయే, శ్రద్ధలేనివానికి పక్షి కనబడనే కనబడదు. కాని రామాయణములోని వేటగాడైన నిషాదునకును ఆ శ్రద్ధ యుండెను. రామాయణారంభమున వాల్మీకి తమసానదికి స్నానమునకై వచ్చినప్పుడు పక్షులకొఱకు రాలేదు. అతడు మొదట నీటిని చూచెను. ఆ నీటి తేటదనము సత్పురుషుని మనస్సువలె నున్నదని శిష్యుడైన భరద్వాజునితో చెప్పెను. పిదప వనమును చూచుచు తిరుగుచుండగా క్రౌంచమిథునము కంటబడెను. పొదమాటున నున్న వేటగానికి ఆ నీరు లేదు, ఆ వనము లేదు, మిథునమను భావమే లేదు. మగపక్షి యొకటి గుఱియై కనబడెను. రెండుచూపులును ఒకే పక్షిపై ఒకేసారి వాలినవి, ఒకదాని ఫలము బాణము, రెండవదాని ఫలము శోకము, ఆ శోకము నిషాదుని శపించు శ్లోకమైనది. ఆ క్రౌంచము నేటి సారసమే యని చెప్పువారు కలరు, కాదనువారును కలరు. జంటపాయని సారసములను భరత్‌పూర్ నీళ్లలో చూచినవానికి మొదటివారి మాటపై మ్రొగ్గు కలుగుట సహజము. ఇంతవఱకు అందఱు చెప్పుకొనునదియే. నాకు తోచిన మఱియొక మాట కలదు. మహర్షి చూపు అంత విశాలమైనదయ్యును ఒకనియొద్ద ఆగిపోయెను. ఆ నిషాదుడు ఏల వేటాడెనో, అతని యింట పొయ్యి వెలుగుటకు ఆ పక్షి అవసరమో కాదో శాపము పలికిన నోరు విచారింపలేదు. శాపము వెలువడిన తరువాత, ఇది నేనేమి పలికితినని ముని చింతించుటను కవి చెప్పియున్నాడు. ఆ చింతను నేను మిక్కిలి గౌరవింతును.

ఏలయనగా భరత్‌పూర్‌లో సరిగా అదియే జరిగినది. 1982లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినపిమ్మట చుట్టుపట్ల గ్రామములవారి గేదెలు లోనికి రాకుండ నిషేధించిరి. తరతరములుగా ఆ గడ్డిపై బ్రదికిన పశువులు అవి. వాని యజమానులు ఎదిరించిరి. పోలీసు కాల్పులు జరిగి గ్రామస్థులు ప్రాణములు కోల్పోయిరి. పక్షుల మేలుకొఱకే యిదియంతయు చేయబడినదని అందఱు నమ్మిరి, అందులో కపటము లేదు. పిమ్మట జరిగినదేమి? బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు 1980వ దశకమున దీర్ఘకాలము అచ్చటి నీటిని, గడ్డిని, చేపలను, పక్షులను పరిశీలించి తేల్చిన విషయ మిది: పాస్పాలమ్ అను నీటిగడ్డి గేదెలు మేయుట మానినందున అడ్డులేక ప్రబలి, మడుగులను నింపివేసి, తెఱపినీటిని మ్రింగివేసినది, బాతులు దిగుటకు, చేపలు తిరుగుటకు చోటు తగ్గినది, గేదె ఆ సరస్సునకు శత్రువు కాక, దానిని సరస్సుగా నిలిపిన శక్తులలో నొకటియై యుండెను. పక్షిని మాత్రమే చూచిన చూపు పక్షికే కీడు చేసెను. చనిపోయినవారి కుటుంబములకు ఈ నిర్ణయము ఏ ఊరట నిచ్చియుండునో నేను చెప్పజాలను. కాని తత్త్వవిచారమునకు ఇంతకంటె గట్టి ఉదాహరణము దొరకదు. చెట్టును, తమ్ములను చూచుచున్నానన్న శిష్యుని మాటలో తప్పేమియు లేదని గేదెలు సాక్ష్యమిచ్చినవి.

ఇచ్చట వేదాంతులు ఒక ఆక్షేపణ చేయుదురు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టుమీద కూర్చున్న రెండు పక్షుల మాట కలదు. ఒకటి పండు తినును, రెండవది తినక చూచుచుండును. ఆ తినని పక్షివలె కేవలసాక్షిగా నుండుటయే ఉత్తమము కాదా, చూచినదానియెడల బాధ్యత, చింత, శోకము అనునవి మరల బంధములే కదా యని వారి ప్రశ్న. నేను వినయముతో చెప్పుమాట యిది. లెన్సు చేతబట్టుకొని తాను సాక్షియైతినని తలంచువాడు రెండవ పక్షి కాడు, కంటితో తినుచున్న మొదటి పక్షియే. నోటితో తినువానికి కడుపునిండుటయైన నొక హద్దున్నది. కంటి ఆకలికి అదియును లేదు. ఇంటికి వచ్చి వేయి చిత్రములలో తొమ్మిదివందల తొంబదియెనిమిదింటిని తుడిచివేసి, మిగిలిన రెండింటికంటె మేలైనది రేపు దొరకునా యని నిద్రపోవును. నిజమైన సాక్షిత్వమునకు ఏమియు చేతబట్టుకొని పోవలసిన అవసరము లేదు. పైగా ఉపనిషత్తు ఆ రెండు పక్షులను స్నేహితులనినది. చూచునది చెట్టును విడిచి పోలేదు, దూరముగా గగనమున నెచ్చటనో కూర్చుండలేదు, తినుపక్షి ప్రక్కనే అదే కొమ్మలలో నున్నది. సాక్షిత్వము అనగా సంబంధము తెంచుకొనుట అని చెప్పుట కీ మంత్రము ఆధారము కాజాలదు.

దీనితో చేరినదే నామములను గూర్చిన చర్చ. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, పేరు పెట్టినంతనే చూచుట ఆగిపోవునని, పక్షికి పేరుపెట్టక చూడుడని జీవితమంతయు బోధించెను. ఆ బోధలోని లోతును ఒప్పుకొనుచునే, నీటియొడ్డున దానికి కొంత సవరణ కావలెనని నాకు తోచుచున్నది. మొదటిసారి భరత్‌పూర్ వచ్చినవానికి మడుగుపై బాతులగుంపొకటి కనబడును, అంతే. తోక సూదివలె సాగినది వేఱనియు, ముక్కు గరిటెవలె వెడల్పైనది వేఱనియు, గోధుమవన్నె తలపై ఆకుపచ్చ పట్టెగల చిన్నది వేఱనియు, వానికి వేఱువేఱు పేరులు కలవనియు తెలిసినపిమ్మట ఆ గుంపు విడిపోయి, ఏది ఎచ్చట ఏ లోతున ఏమి తినుచున్నదో కనబడజొచ్చును. పేరు ఇక్కడ కన్ను తెఱిపించినది. ఆ పేరును చీటీలో వ్రాసి, ఎదుట గుఱుతు పెట్టి, ఇది యైనదని వెనుదిరిగినప్పుడు మాత్రమే కృష్ణమూర్తి చెప్పిన కీడు కలుగును. ఎన్ని జాతులు చూచితిరని యొకరినొకరు అడుగుకొను వ్రతము కొందఱిలో ప్రబలియున్నది. ఆ గుడిచెంతనున్న పలకలమీద అంకెలు చెక్కించిన మనస్సునకు ఈ అంకెలు మఱీ దూరపు చుట్టములు కావని నాకు భయము.

ఈ విరిసిన చూపు పండితులకును తపస్వులకును మాత్రమే సాధ్యమైనది కాదు. శ్రీకాకుళము జిల్లా టెక్కలి ప్రాంతమున తేలినీలాపురమను పల్లె కలదు. ఏటేట శీతకాలమునకు ముందు గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును ఆ యూరి చెట్లమీదికి వచ్చి గూళ్లుకట్టి పిల్లలను పెంచుకొని వేసవి ముదురుసరికి పోవును. అవి వచ్చిన యేడు ఊరికి శుభమని అచ్చటివారి విశ్వాసము. వాని కంపును, రెట్టను, రాత్రింబగళ్లు సద్దుమణగని గోలను వాకిళ్లలోనే భరించి, వానిని కొట్టనీయక కాచుచున్నారు. కర్ణాటకములోని కొక్కరె బెళ్లూరులో ఈ కొంగలను పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావింతురు. ఆ పల్లెలవారు పక్షిని తలయెత్తి తీరికగా చూచుట అరుదు. పని చేసికొనుచునే చూచుచున్నారు, అంతమాత్రమున తక్కువ చూచుచున్నారని యెట్లనగలము? మన కొల్లేటి సంగతి ఇంత సుఖముగా లేదు. 1999లో అభయారణ్యముగా, 2002లో రామ్‌సర్ స్థలముగా ప్రకటింపబడిన ఆ సరస్సులో చేపలచెరువుల గట్లు ఎంతగా పెరిగినవో, 2006లో ప్రభుత్వము వానిని ఎట్లు పగులగొట్టించెనో తెలుగువారెఱుగుదురు. ఆ సరస్సునొద్ద ఆటపాకలో గూడబాతుల చిత్రము తీయువారు ఆ గట్లు చట్రములో పడకుండ జాగ్రత్తపడుదురు. ఆ గట్టుమీద బ్రదుకు గడుపు వడ్డికులపు మత్స్యకార కుటుంబము ఒకటి, ఆ గట్టుమీద లక్షలు ఆర్జించు దూరపు పెట్టుబడిదారుడొకడు, గట్టు తెగినప్పుడు ఇద్దఱకు కలిగిన నష్టము సమానము కాదన్న న్యాయము మఱియొకటి. ఇవియన్నియు చట్రమునకు వెలుపలనే మిగిలిపోవుచున్నవి. ఆ చిత్రము అందముగా నుండును. దానిలో కొల్లేరు లేదు.

విరిసిన చూపు కలిగినంతనే మార్గము సుగమమగునని నేను చెప్పుటలేదు, పైగా కష్టమగును. 1960వ దశకమున భరత్‌పూర్‌కు రెండువందలవఱకు వచ్చుచుండిన సైబీరియా తెల్లకొక్కెరలు ఏటేట తగ్గి, 2002 తరువాత మరల రాలేదు. అవి వచ్చుదారిలో నున్న అఫ్గానిస్థానమున, పాకిస్థానమున వేటయు, ఆగుచోట్ల నీరు తరుగుటయు కారణములు. భరత్‌పూర్ గట్టుమీద ఎంత భక్తితో నిలిచి చూచినను ఆ చూపునకు అంతదూరము అందలేదు. 2004లో వానలు కరవైనప్పుడు గంభీర్‌నదిమీద కరౌలివద్దనున్న పాంచనా ఆనకట్ట నీటిని ఉద్యానమునకు విడువవలెనా, ఎండిపోవు చేలున్న రైతులకు నిలుపవలెనా యను తగవు వచ్చెను. రైతులు విడువనీయమనిరి. మడుగులు ఎండినవి, కొంగలు గూళ్లు కట్టలేదు. పక్షిని మాత్రమే చూచువానికి ఆ రైతు దుర్మార్గుడు. పొలమును మాత్రమే చూచువానికి పక్షి విలాసము. రెంటిని చూచినవాడు ఎవనిని నిందింపవలెనో తెలియక అవస్థపడును. ఆ అవస్థనుండియే తరువాతి ప్రయత్నము వచ్చినది. ఆనకట్టపై తగవును లాగుకొనుటకు మాఱుగా వేఱు నీటిని వెదకిరి. గోవర్ధన్ వఱదకాలువనుండి గొట్టములు వేసి, వానకాలమున వృథగా పోవు నీటిని ఉద్యానమునకు తెచ్చిరి. చంబల్ నీటిలో కొంత భాగము నిచ్చుటకును ఏర్పాటు చేసిరి. ఆ నీరు చాలునా చాలదా, నదినీటితో వచ్చు చేపపిల్లలు గొట్టపునీటితో వచ్చునా రావా యను సందేహములు ఇప్పటికిని తీరలేదు. అచ్చట పనిచేయువారు ఏటేట వానకాలము ముగియగానే మడుగుల లోతు కొలిచి చూచుకొనుచున్నారు.